స్నానం చేసినా పోని ఒంటి వాసన: కారణం పట్టుకోవడం ఎలా, ఉపశమనం పొందడం ఎలా

సబ్బు మార్చారు, డియోడరెంట్ మార్చారు, పూటపూటా స్నానం చేస్తున్నారు. అయినా వాసన వదలడం లేదంటే లోపం మీ శుభ్రతలో లేదు. ముందు ఇది మీరు నమ్మాలి, తర్వాత ఇంట్లోవాళ్లు నమ్మాలి. మూలం చర్మం మీద ఉండొచ్చు, నోట్లోనో ముక్కులోనో ఉండొచ్చు, ఉతికిన బట్టల్లోనే ఉండొచ్చు. కాలేయంలో ఒక ఎంజైమ్ సరిగ్గా పనిచేయకపోవచ్చు. కొందరిలో వాసన లేకపోయినా ఉందన్న భయమే జబ్బై కూర్చుంటుంది. ఒక్కోదానికి వైద్యం వేరు కాబట్టి, కొత్త సీసా కొనడం కాసేపు ఆపి వెతకడం మొదలుపెట్టండి. ఖర్చు లేనివి ముందు, ఖరీదైన పరీక్షలు చివర.

ఇవి కనిపిస్తే కింద చెప్పిన వరుస పక్కనపెట్టండి

ఊపిరిలో పండిన పండు వాసన, దాంతోపాటు విపరీతమైన దాహం, వాంతులు, ఆయాసం ఉంటే అది షుగర్ అదుపు తప్పిన లక్షణం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నోట్లో అమ్మోనియా వాసనతో పాటు కాళ్లు వాచి, మూత్రం తగ్గితే కిడ్నీ పరీక్ష ఆలస్యం చేయకూడదు. చిన్నపిల్లల్లో ఒక్క ముక్కు రంధ్రం నుంచే కంపుకొట్టే చీమిడి కారుతుంటే లోపల గింజో, పూసో, బటన్ బ్యాటరీయో ఇరుక్కుని ఉంటుంది. బ్యాటరీ అయితే కొన్ని గంటల్లోనే లోపలి పొరను కాల్చేస్తుంది. అదేమిటో బయటినుంచి తెలియదు కాబట్టి అప్పటికప్పుడే ఈఎన్‌టీ డాక్టరు చూడాలి.

మొదటి మెట్టు: ఇంకొకరి ముక్కు

మన వాసన మన ముక్కుకు అలవాటైపోతుంది. చేతులు పైకెత్తి వాసన చూసుకుని లాభం లేదు. "ఏం లేదులే" అని ఓదార్చేవాళ్లు కాకుండా, ఉన్నదున్నట్టు చెప్పే మనిషి కావాలి: అక్కో, వదినో, చిన్నప్పటి స్నేహితుడో. జలుబు ఉన్నవాళ్లూ సిగరెట్ తాగేవాళ్లూ దీనికి పనికిరారు.

ఆ రోజు సెంటు, పౌడరు, వాసన నూనె ఏవీ వాడకండి. సాయంత్రం దాకా పనిచేశాక దూదిబిళ్లలతో రెండు చంకలు, చెవుల వెనక, బొడ్డు, గజ్జలు, కాలివేళ్ల సందులు విడివిడిగా తుడవండి. ఒక్కో బిళ్లను ఒక్కో మూతగల గాజుసీసాలో వేసి అంకె రాయండి. ఒంటికి తగలని శుభ్రమైన బిళ్లను కూడా ఒక సీసాలో పెట్టండి. ఏది ఎక్కడిదో చెప్పకుండా వాసన చూడమనండి. ఖాళీ బిళ్లకూ "వస్తోంది" అంటే ఆ పరీక్ష చెల్లదు, మరో రోజు చేయాలి. ఇలా వేరువేరు రోజుల్లో మూడుసార్లు చేయండి. అందులో ఒకటైనా మీకు వాసన ఎక్కువగా ఉందనిపించిన రోజు కావాలి.

నోటికి వేరే పద్ధతి ఉంది. మణికట్టు లోపలి వైపు నాలుకతో తడిపి, పది సెకన్లు ఆరనిచ్చి వాసన చూడండి. తర్వాత నాలుకబద్దతో నాలుక వెనక భాగాన్ని గీసి ఆ బద్ద వాసన చూడండి. దంతాల మధ్య దారం లాగి ఆ దారాన్నీ చూడండి. ఆపైన ఎదుటి మనిషి ఒక అడుగు దూరంలో ఉండి, నోరు మూసి ముక్కుతో వదిలిన గాలిని, ముక్కు మూసి నోటితో వదిలిన గాలిని విడివిడిగా గమనించాలి. ముక్కు గాలిలోనే ఉంటే సైనస్, నోటి గాలిలోనే ఉంటే చిగుళ్లు, పిప్పిపన్ను, టాన్సిల్ గుంటల్లో పేరుకునే తెల్లటి గట్టి ముక్కలు. రెండింట్లోనూ సమానంగా ఉంటే రక్తం నుంచి ఊపిరితిత్తుల ద్వారా వస్తుండవచ్చు.

రెండో మెట్టు: వాసన రకం, చోటు

చంకలోనే ఉంటూ ఉల్లిపాయలానో పులిసినట్టో ఉంటే అది చర్మం మీది బాక్టీరియా పని. అప్పుడే పట్టిన చెమటకు వాసన ఉండదు. చంకల్లో, గజ్జల్లో ఉండే అపోక్రైన్ గ్రంథుల చెమటను బాక్టీరియా విడగొట్టినప్పుడు గంధకం ఉన్న పదార్థాలు, కొవ్వు ఆమ్లాలు తయారవుతాయి. ఆ ఘాటు వాటిదే. చంక వెంట్రుకలకు పసుపుపచ్చని పూతలాంటిది అంటుకుని ఉంటే వెంట్రుకలు తీసేయడంతోనే చాలావరకు తగ్గుతుంది.

పాదాల్లో మాత్రమే ఉండి, అరికాళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు కనిపిస్తే దానికి చర్మ వైద్యులు రాసే యాంటీబయాటిక్ పూత ఉంది. బూట్లు మార్చినంత మాత్రాన అది పోదు.

నీచు వాసన తెల్లబట్టతోనే వస్తూ, కలయిక తర్వాత ఎక్కువైతే అది బాక్టీరియల్ వజైనోసిస్ కావచ్చు. గైనకాలజిస్టు ఇచ్చే చిన్న కోర్సుతో తగ్గుతుంది. లోపల సబ్బుతో కడగడం వల్ల అది పెరుగుతుంది. అదే నీచు వాసన చెమటలో, ఊపిరిలో, మూత్రంలో అన్నిట్లోనూ ఉంటే నేరుగా నాలుగో మెట్టు చదవండి.

మలం వాసన వస్తోందని బాధపడేవాళ్లు చాలామంది సిగ్గుతో ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పరు. మలద్వారం దగ్గర చీలిక (ఫిషర్), పక్కన గొట్టంలా ఏర్పడే పుండు (ఫిస్టులా), లోపలి మొలలు ఉన్నా, మలబద్ధకం వల్ల కొద్దికొద్దిగా బయటికి చేరుతున్నా ఈ వాసన వస్తుంది. సర్జన్ ఒక్కసారి వేలితో పరీక్ష చేస్తే చాలావరకు తేలిపోతుంది. ఈ పరీక్ష తప్పించుకుని అగరుబత్తులు, సెంట్ల మీద డబ్బు పోయకండి.

తిండి సంగతి కూడా చూడాలి. వెల్లుల్లి, ఉల్లి వాసన రక్తంలో కలిసి ఊపిరి ద్వారా మర్నాటిదాకా వస్తుంది, పళ్లు తోముకుంటే పోయేది కాదు. షుగర్ తగ్గుతుందని రోజూ మెంతులు తాగేవాళ్ల చెమటలో, మూత్రంలో మెంతి వాసనే వస్తుంది. సోటోలాన్ అనే పదార్థం దానికి కారణం. వారం మెంతులు మానేసి చూడండి, షుగర్ మాత్రలు మాత్రం మానకండి.

మూడో మెట్టు: చర్మానికి, బట్టలకు రెండు వారాలు

చంకలకు, గజ్జలకు మొటిమల కోసం అమ్మే బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ తీసుకోండి. 2.5 నుంచి 5 శాతం ఉంటే చాలు. స్నానంలో రాసి రెండు మూడు నిమిషాలు ఉంచి బాగా కడిగేయాలి. మంట పుడితే రోజు విడిచి రోజు వాడండి. అది తువ్వాళ్ల రంగు, చొక్కాల రంగు తినేస్తుంది కాబట్టి ఆ రెండు వారాలూ తెల్ల తువ్వాలు వాడండి. ఒళ్లంతా రాసుకోవద్దు.

డియోడరెంట్ వాసనను కప్పుతుంది, యాంటీపర్‌స్పిరెంట్ చెమటను తగ్గిస్తుంది. అట్ట మీద ఏది రాసి ఉందో చూసి కొనండి. చెమట ఎక్కువైతే 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ ద్రావణాన్ని రాత్రి పడుకునే ముందు, పూర్తిగా ఆరిన చంకల్లో రాసి, పొద్దున కడిగేయాలి. తడి చర్మం మీద రాస్తే ఆమ్లం తయారై మండుతుంది. "మాకు పడలేదు" అని మానేసేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. చంక వెంట్రుకలు గీసుకున్న రోజు రాయకూడదు. వరుసగా మూడు నాలుగు రాత్రులు రాశాక, వారానికి ఒకటి రెండుసార్లు రాస్తే సరిపోతుంది. తడిపిన పటిక ముక్క రుద్దుకోవడం తేలికపాటి వాసనకు పనికొస్తుంది. వంటసోడా, నిమ్మరసం చంకల్లో రుద్దకండి, చర్మం కాలి నల్లబడుతుంది.

ఇక బట్టలు. ఉతికి ఆరిన చొక్కా చంక దగ్గర కాస్త తడిపి ఇస్త్రీ చేయండి. ఆవిరితో పాటు పాత వాసన పైకి లేస్తే ఆ చొక్కా శుభ్రం కాలేదన్నమాట. పాలిస్టర్ ఈ వాసనను నూలుకంటే గట్టిగా పట్టుకుంటుంది. లోపలి వైపు బయటికి తిప్పి, బట్ట తట్టుకోగలిగినంత వేడినీళ్లలో అరగంట నానబెట్టి ఉతకండి. నూలు బట్టలకు 60 డిగ్రీలు పెట్టొచ్చు. ఫ్యాబ్రిక్ కండిషనర్ మానేయండి, అది పోగుల మీద పొరలా పేరుకుని మురికిని లోపలే ఉంచుతుంది. వానాకాలంలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో, రోజంతా ఆరని బట్టలకు పట్టే ముక్కవాసన ఒంటి వేడి తగలగానే మళ్లీ బయటపడుతుంది. అలాంటి రోజుల్లో తక్కువ బట్టలు ఉతికి, ఫ్యాను కింద ఎడంగా ఆరేయండి. తలనూనె పీల్చిన దిండు గలేబు, హెల్మెట్ లోపలి గుడ్డ, వాచీ పట్టీ, బ్యాగు భుజం పట్టీ కూడా వాసన చూడండి. ఒళ్లు కడిగి వీటిని వదిలేస్తే ఫలితం ఉండదు.

ఈ రెండు వారాలూ ఒక పుస్తకంలో రోజుకు నాలుగు ముక్కలు రాయండి: ఏం తిన్నారు, చెమట, ఆందోళన ఎంత, నెలసరి ఏ రోజు, వాసన ఉందని ఎవరు ఏ వేళ చెప్పారు. డాక్టరుకు మీ మాటలకన్నా ఈ పుస్తకమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

డాక్టరు దగ్గర

ముందు జనరల్ ఫిజీషియన్ దగ్గరకే వెళ్లండి. ఇలా చెప్పండి: "ఇంతకాలంగా వాసన వస్తోంది. ఫలానా ఇద్దరు వేరువేరుగా చెప్పారు. చర్మానికి, బట్టలకు ఇవి చేశాను, ఇంత తగ్గింది. ఈ రోజుల్లో ఎక్కువైంది." వాసన వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఆ గదిలో డాక్టరుకు తెలియకపోవచ్చు. అది మీ మాట అబద్ధమని కాదు, అక్కడితో ఆగిపోకండి. షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), కాలేయం, థైరాయిడ్ పరీక్షలు, మూత్ర పరీక్ష అడగండి. నోటి వాసన అయితే దంతవైద్యుడు, ఆ తర్వాత ఈఎన్‌టీ.

నాలుగో మెట్టు: ట్రైమిథైలమినూరియా

పేరు పెద్దది, జరిగేది మాత్రం అర్థమయ్యేదే. గుడ్డు పచ్చసొన, కాలేయం, సోయా లాంటివాటిలో కోలీన్ అనే పోషకం ఉంటుంది. మాంసంలో కార్నిటిన్, సముద్రపు చేపల్లో ట్రైమిథైలమిన్ ఆక్సైడ్ ఉంటాయి. పేగుల్లోని బాక్టీరియా వీటిని ట్రైమిథైలమిన్‌గా మారుస్తుంది. చేపల నీచు వాసన దీనిదే. కాలేయంలోని ఎఫ్‌ఎంఓ3 ఎంజైమ్ దాన్ని మళ్లీ వాసన లేని ఆక్సైడ్‌గా మార్చేస్తుంది. ఆ ఎంజైమ్ బలహీనమైతే ట్రైమిథైలమిన్ చెమట, ఊపిరి, మూత్రం ద్వారా బయటికొస్తుంది. వైద్య పత్రికల్లో దీన్ని మొదట 1970లో వివరించారు. జన్యులోపాన్ని 1997లో గుర్తించారు. యుక్తవయసులో, నెలసరి ముందూ నెలసరిలోనూ, జ్వరంలో, వ్యాయామం తర్వాత, ఆందోళనలో పెరుగుతుంది. చాలామంది రోగులకు తమ వాసన తమకు తెలియదు. పుట్టుకతో లోపం లేకపోయినా కాలేయం, కిడ్నీ జబ్బుల్లో, పేగుల్లో బాక్టీరియా అతిగా పెరిగినప్పుడు, కోలీన్, కార్నిటిన్ సప్లిమెంట్లు ఎక్కువ మోతాదులో వాడినప్పుడు తాత్కాలికంగా రావచ్చు. జిమ్ పొడులు వాడేవాళ్లు డబ్బా మీద కార్నిటిన్ ఉందేమో చూడండి.

పరీక్ష మూత్రంతో చేస్తారు. ట్రైమిథైలమిన్ ఎంత, దాని ఆక్సైడ్ ఎంత అని రెండూ కొలుస్తారు. మొత్తంలో 84 శాతం కంటే ఎక్కువ ఆక్సైడ్ రూపంలో ఉంటే మామూలు, 40 నుంచి 84 మధ్య తేలికపాటి లోపం, 40 లోపు తీవ్రం. ల్యాబును బట్టి ఈ హద్దులు కొంచెం మారతాయి. పరీక్ష తప్పుగా వచ్చేది సాధారణంగా ఈ కారణాల వల్ల:

పథ్యంలో ఉండగా ఇవ్వడం ఒకటి. ఎంజైముకు పని పెట్టకపోతే లోపం కనిపించదు. మామూలు తిండి తింటూ, డాక్టరు చెబితే సముద్రపు చేప భోజనం చేసి, తర్వాత 2 నుంచి 12 గంటల మధ్య మూత్రం పట్టాలి. శాకాహారులకు కోలీన్ మాత్రతో చేయించొచ్చు.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండగా ఇవ్వడం మరొకటి. ఆ బాక్టీరియా ఆక్సైడ్‌ను మళ్లీ ట్రైమిథైలమిన్‌గా మార్చి లేని లోపాన్ని చూపిస్తుంది. నెలసరి రోజుల్లో కూడా అంకెలు మారతాయి, అందుకే తేదీ రాసి ఇవ్వండి.

సీసా బయట వదిలేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగేది. ఈ పదార్థం గాలిలోకి ఆవిరైపోతుంది. నమూనాలో ఆమ్లం కలిపి గడ్డకట్టించి పంపాలి. ఆమ్లం ఎవరు కలుపుతారు, ఐస్‌లో పంపుతారా అని ల్యాబుకు ముందే ఫోన్ చేసి అడగండి. సమాధానం సరిగ్గా లేకపోతే డబ్బు కట్టకండి.

మూత్ర పరీక్ష దొరకని చోట రక్తంతో ఎఫ్‌ఎంఓ3 జన్యు పరీక్ష చేయించవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, మీ ఫిజీషియన్ చీటీతో వెళ్లండి. ఈ లోపం తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ వస్తేనే తీవ్రంగా బయటపడుతుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే (ఒక్కొక్కరిలో ఒక లోపం కాపీ ఉంటే) ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాల్లో ఇద్దరూ ఒకే లోపం మోసే అవకాశం పెరుగుతుంది, కాబట్టి డాక్టరుకు ఆ సంగతి దాచకండి.

పథ్యం ఎలా మొదలుపెట్టాలి

అన్నీ ఒక్కరోజే మానేస్తే ఏది కారణమో తెలియదు, ఒళ్లూ పాడవుతుంది. మొదటి రెండు వారాలు సముద్రపు చేపలు (వంజరం, చందువ, సొరచేప), ఎండుచేపలు, ఎండురొయ్యలు, రొయ్యలు, పీతలు, చేపనూనె మాత్రలు, కాలేయం, పచ్చసొన ఆపండి. ఒక గుడ్డులోని పచ్చసొనలో సుమారు 140 మిల్లీగ్రాముల కోలీన్ ఉంటుంది, తెల్లసొనలో దాదాపు ఉండదు. కాబట్టి ఉడికించిన గుడ్డు తెల్లసొన తినొచ్చు. బొచ్చె, శీలావతి, కొర్రమీను లాంటి మంచినీటి చేపల్లో ఆ ఆక్సైడ్ బాగా తక్కువ. తాజావి చిన్న ముక్కలు తిని చూడండి.

తగ్గుదల సగంలో ఆగితే మరో రెండు వారాలు మీల్‌మేకర్, సోయా, పల్లీలు, బఠానీలు, రాజ్మా తీసేయండి. మన ఇళ్లలో పల్లీలు తెలియకుండా చేరతాయి: చట్నీలో, పులిహోరలో, వంకాయ కూర మసాలాలో. ఇడ్లీకి కొబ్బరి చట్నీ, టమాటా పచ్చడి చేసుకోండి. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఎంజైమును కొంత అడ్డుకుంటాయి, వాటిని తగ్గించండి. అన్నం, మజ్జిగ, బీర, సొరకాయ, పొట్ల, దొండ, టమాటాకు భయపడక్కర్లేదు. పప్పు పూర్తిగా మానకండి, గరిట తగ్గిస్తే చాలు.

వాసన తగ్గాక ఒక్కో పదార్థాన్ని నాలుగైదు రోజుల ఎడంతో తిరిగి తిని చూడండి. పడినవి జీవితాంతం మానాల్సిన పని లేదు. కోలీన్ కాలేయానికి, కండరాలకు అవసరం. మగవాళ్లకు రోజుకు 550, ఆడవాళ్లకు 425 మిల్లీగ్రాములు కావాలి. కోలీన్ తగ్గించినప్పుడు ఫోలేట్ అవసరం పెరుగుతుంది, ఆకుకూరలు వదలకండి. గర్భిణులు, బాలింతలు, పిల్లలు డైటీషియన్ లేకుండా ఈ పథ్యం చేయకూడదు. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి కోలీన్ కావాలి.

సబ్బు, మందులు

చేప ముక్కలకు నిమ్మరసమో మజ్జిగో పట్టిస్తే నీచు ఎందుకు తగ్గుతుందో అదే సూత్రం ఒంటికీ వర్తిస్తుంది. ట్రైమిథైలమిన్ క్షారం. ఆమ్లం తగిలితే లవణంగా మారి గాలిలోకి లేవదు. మామూలు సబ్బుల పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది, అందుకే ఎంత రుద్దితే అంత వాసన లేచినట్టుంటుంది. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉన్న సిండెట్ సబ్బు (క్షారం లేకుండా చేసే సబ్బు) లేదా బాడీవాష్ పొద్దున, సాయంత్రం వాడండి. చెమట పట్టిన వెంటనే తుడుచుకుని బనియన్ మార్చండి. నిమ్మకాయ నేరుగా రాసుకోవద్దు, ఎండ తగిలితే చర్మం కాలుతుంది.

మందులు డాక్టరు పర్యవేక్షణలోనే. వైద్యంలో వాడుతున్న మోతాదులు ఇవి: రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) 30 నుంచి 40 మిల్లీగ్రాములు, రోజుకు మూడు నుంచి ఐదుసార్లు అన్నంతో (మూత్రం పసుపుపచ్చగా వస్తుంది, కంగారు పడకండి), యాక్టివేటెడ్ చార్‌కోల్ (మందుగా వాడే బొగ్గు) 750 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 10 రోజులు, కాపర్ క్లోరోఫిలిన్ 60 మిల్లీగ్రాములు భోజనం తర్వాత మూడు పూటలా, 3 వారాలు. చార్‌కోల్ ఇతర మాత్రలను కూడా పీల్చేస్తుంది. థైరాయిడ్, బీపీ, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు ఎంత ఎడం ఉండాలో అడిగి మొదలుపెట్టాలి, నెలల తరబడి వాడకూడదు. పేగు బాక్టీరియాను తగ్గించడానికి మెట్రోనిడజోల్ లాంటివి కొద్దిరోజులు ఇస్తారు. వాసన తిరగబెట్టిందని దుకాణంలో అడిగి మళ్లీ మళ్లీ మింగితే అవి పనిచేయడం మానేస్తాయి. "ఒళ్లంతా విషాలు తీస్తాం" అనే ప్యాకేజీలు, పేగు కడిగే చికిత్సలు ఈ ఎంజైమును బాగుచేయలేవు.

మూడుసార్లు చూసినా ఎవరికీ వాసన దొరకకపోతే

ఇది చదువుతుంటే గుండె బరువెక్కుతుందని తెలుసు, అయినా చెప్పాలి. ఎదుటివాళ్లు దగ్గినా, ముక్కు రుద్దుకున్నా, బస్సులో కిటికీ తెరిచినా అది నా వల్లేనని అనిపించడం, రోజులో గంటల కొద్దీ కడుక్కోవడం, ఇల్లు కదలకపోవడం, నమ్మకస్థులు లేదన్నా నమ్మలేకపోవడం. ఇవన్నీ కలిస్తే ఆల్ఫాక్టరీ రిఫరెన్స్ డిజార్డర్ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీనికి విడిగా పేరుంది. పిచ్చి కాదు, నాటకం కాదు, బాధ నిజమైనది. మాటల చికిత్సతో, మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మందులతో చాలామంది తేరుకుంటారు. మందు పనిచేయడానికి వారాలు పడుతుంది, మధ్యలో ఆపకండి. నిజంగా వాసన ఉన్నవాళ్లలో కూడా ఈ భయం చేరి రెండూ కలిసి ఉండొచ్చు. అప్పుడు రెండింటికీ వైద్యం చేయించాలి.

కారణం ఏదైనా, బతకాలనిపించని రోజు వస్తే ఒంటరిగా ఉండొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆఫీసులో, హాస్టల్‌లో, ఇంట్లో

అందరికీ చెప్పక్కర్లేదు, ఒక్కరికి చెప్పండి. "నాకు ఒంట్లో ఒక ఎంజైమ్ తక్కువ, దానివల్ల ఒక్కోసారి వాసన వస్తుంది, వైద్యం తీసుకుంటున్నాను. ఎక్కువగా ఉన్న రోజు నాకు మెల్లగా చెప్పు" అంటే చాలు. కారణం ఇంకా తేలకపోతే "డాక్టరు చూస్తున్నారు" అనండి. కూర్చునే చోటు గాలి బయటికి పోయే కిటికీ పక్కన అడగండి, ఏసీ గాలి మీ మీదుగా ఇతరుల వైపు వీచే చోట వద్దు. బ్యాగులో రెండు నూలు బనియన్లు, ఆమ్ల పీహెచ్ తుడుపు గుడ్డలు, తడిసినవి వేయడానికి జిప్ సంచి ఉంచుకోండి. ఘాటైన సెంటు నీచుతో కలిస్తే రెండింటికన్నా దారుణంగా ఉంటుంది, వేయకండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. "స్నానం చెయ్యవా" అని నలుగురిలో అనకండి. చెప్పాల్సింది ఉంటే పక్కకు పిలిచి, ఎక్కడి నుంచి, ఏ వేళ, ఎలాంటి వాసనో చెప్పండి. పిల్లల విషయంలో క్లాస్ టీచరును ముందుగా కలిసి, నీళ్లు తాగడానికి, బనియన్ మార్చుకోవడానికి అనుమతి అడగండి. పెళ్లి సంబంధాలు చూస్తున్న దశలో ఉంటే జన్యు పరీక్ష ఫలితంతో ఒకసారి జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. కాబోయే భాగస్వామికి పరీక్ష అవసరమా, పుట్టబోయే పిల్లలకు అవకాశం ఎంత అన్నది వాళ్లు లెక్కవేసి చెబుతారు.